చిన్న మోడల్ ట్రాములో డిజిటల్ డీకోడర్ అమర్చడం ఎలా?

మామూలు డీసీ పద్ధతిలో నడిచే మోడల్ రైలు పట్టాల మీద ఎన్ని బండ్లు పెట్టినా అవన్నీ ఒకేసారి కదులుతాయి, ఒకేసారి ఆగుతాయి, ఎందుకంటే వేగాన్నీ దిశనూ నిర్ణయించేది పట్టాల్లోని విద్యుత్తే. డిజిటల్ నియంత్రణలో, అంటే డీసీసీ పద్ధతిలో, పట్టాల మీద వోల్టేజీ ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. ఆదేశాలు మాత్రం సంకేతాల రూపంలో అవే పట్టాల గుండా వెళ్తాయి, ప్రతి బండిలోని డీకోడర్ అనే చిన్న ఎలక్ట్రానిక్ పలక తన చిరునామాకు, అంటే ఆ బండికిచ్చిన అంకెకు, వచ్చిన ఆదేశాన్ని విడిగా అర్థం చేసుకుని మోటారును తిప్పుతుంది. జర్మనీకి చెందిన లెంజ్ సంస్థ రూపొందించిన పద్ధతి ఆధారంగా అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ దీనికి 1990లలో ప్రమాణాలు ఏర్పరచడం వల్ల, ఒకరి డీకోడర్ మరొకరి కంట్రోలర్‌తో ఇబ్బంది లేకుండా పనిచేస్తుంది.

పెద్ద ఇంజన్ల మోడళ్లలో డీకోడర్ కోసం సాకెట్ సిద్ధంగా ఉంటుంది కాబట్టి అక్కడ పని పది నిమిషాల్లో ముగుస్తుంది. చిన్న ట్రాముల సంగతి వేరు. కాటో సంస్థ పాకెట్ లైన్ శ్రేణిలో తెచ్చిన బుల్లి ట్రాముల వంటి 9 మి.మీ. గేజ్ (రెండు పట్టాల మధ్య దూరం) నమూనాల్లో చోటు చాలా తక్కువ, ఉన్న చోటు కూడా కిటికీల వెనకే ఉంటుంది. (1435 మి.మీ. గేజ్ మీద నడిచే కోల్‌కతా ట్రామునో, హిరోషిమా ట్రామునో తయారుచేయదలచిన వారికి ఈ 9 మి.మీ. పట్టా 1:160 నిష్పత్తిలో దాదాపు సరిగ్గా సరిపోతుంది.) ఇక్కడ వివరిస్తున్నది ఇటువంటి, సాకెట్ లేని, నాలుగు చక్రాల ట్రాము గురించి.

విప్పడానికి ముందు

ట్రామును మొదట డీసీ మీదే అరగంట సేపు రెండు దిశల్లోనూ నడపాలి. డీసీలో కుదుపుతో నడిచే బండి డీకోడర్ పెట్టినంత మాత్రాన బాగుపడదు. చక్రాల మీది మసి, ఎండిపోయిన గ్రీజు, గేర్లలో చిక్కుకున్న దారప్పోగు వంటివన్నీ ముందే తొలగించుకోవాలి. తరువాత మల్టీమీటర్‌ను కరెంటు కొలిచే స్థానంలో పెట్టి వరుసలో కలిపి, 12 వోల్టుల వద్ద చక్రాలను వేలితో ఒక్క క్షణం ఆపి, మోటారు ఎంత కరెంటు లాగుతోందో రాసుకోవాలి. కొనబోయే డీకోడర్ భరించగల కరెంటు ఈ అంకె కంటే ఎక్కువగా ఉండాలి. ఇంత చిన్న మోటార్లతో సాధారణంగా అసలు చిక్కు కరెంటు దగ్గర కాదు, కొలతల దగ్గర వస్తుంది. జిమో సంస్థ ఎమ్‌ఎక్స్ 616 డీకోడర్ 8 మి.మీ. పొడవు, 8 మి.మీ. వెడల్పు, 2.4 మి.మీ. మందం మాత్రమే ఉంటుంది. ఇటువంటిది కూడా వైర్లతో కలిపి చూస్తే అనుకున్నదానికంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది. అందుకని డీకోడర్ కొనకముందే దాని కొలతలకు ఒక అట్టముక్క కత్తిరించి, పైకప్పు కింద, సీట్ల కింద, మోటారు పక్కన పెట్టి పైభాగాన్ని మూసి చూడడం మంచిది. నా మటుకు నేను పైకప్పు కిందిభాగాన్నే ఎంచుకుంటాను, ఎందుకంటే అక్కడ పెట్టింది కిటికీల్లోంచి సులభంగా కనిపించదు.

మోటారును వేరుచేయడం

ఈ పని మొత్తంలో తప్పు జరిగితే డీకోడర్ కాలిపోయే దశ ఇదే కాబట్టి దీని మీద ఎంత సమయం గడిపినా ఎక్కువ కాదు. డీసీ ట్రాములో చక్రాల నుంచి కరెంటును తెచ్చే ఇత్తడి పట్టీలు చాలావాటిలో నేరుగా మోటారు కొనలను తాకుతూ ఉంటాయి. డీసీసీలో ఈ దారి పూర్తిగా తెగిపోవాలి: పట్టా నుంచి కరెంటు డీకోడర్‌కు, డీకోడర్ నుంచి మాత్రమే మోటారుకు రావాలి. పట్టా కరెంటు ఏ చిన్న దారిలోనైనా మోటారు కొనకు చేరితే అది డీకోడర్ లోకి వెనకవైపు నుంచి ప్రవేశించి, క్షణంలో దాన్ని పాడుచేస్తుంది.

మోటారును జాగ్రత్తగా బయటకు తీసి, దాని రెండు కొనలనూ ఇత్తడి పట్టీలకు దూరంగా వంచి, పట్టీలకు మోటారు ఎదురుగా వచ్చే భాగంలో వేడిని తట్టుకునే పల్చటి క్యాప్టన్ టేపు అతికించాలి. మామూలు ఇన్సులేషన్ టేపు వేడికి జారిపోతుంది, పైగా మందం ఎక్కువ. మోటారు కొనల మధ్య రేడియో అంతరాయాన్ని తగ్గించేందుకు పెట్టిన చిన్న కెపాసిటర్ ఉంటే దాన్ని తీసేయాలి, ఎందుకంటే మోటారు వేగాన్ని పసిగట్టి సరిచేసే డీకోడర్ పనికి అది అడ్డు తగులుతుంది. ఆ తరువాత మల్టీమీటర్‌తో ఒక్కో మోటారు కొనకూ, ఒక్కో వైపు చక్రాలకూ మధ్య నిరోధాన్ని పరీక్షించాలి. నాలుగు కొలతల్లోనూ దారి తెగి ఉన్నట్టే చూపాలి. మోటారును తిరిగి బిగించాక, చక్రాలను చేత్తో తిప్పుతూ ఈ పరీక్షను మళ్లీ చేయాలి; బిగించేటప్పుడు టేపు ఒరుసుకుని చిరగడం అరుదేమీ కాదు.

వైర్లు కలపడం

డీకోడర్ వైర్ల రంగులు ప్రమాణం ప్రకారం నిర్ణయమై ఉన్నాయి. ఎరుపు వైరు కుడి పట్టా వైపు పట్టీకి, నలుపు ఎడమ పట్టా వైపు పట్టీకి, నారింజ రంగు, బూడిద రంగు వైర్లు మోటారు కొనలకు కలపాలి. తెలుపు ముందు దీపానికి, పసుపు వెనక దీపానికి, నీలం దీపాలన్నిటికీ ఉమ్మడి ధన కొనకు వెళ్తాయి. ట్రాముకు రెండు కొసలూ ఒకేలా ఉంటాయి కాబట్టి ముందుభాగం ఏదో ముందే నిర్ణయించుకుని, అడుగున చిన్న చుక్క పెట్టుకోవాలి.

సోల్డరింగ్‌కు సన్నని మొనగల ఐరన్, 0.5 మి.మీ. లెడ్ (సోల్డర్ తీగ), అది బాగా అంటుకునేందుకు రోసిన్ ఫ్లక్స్ వాడాలి. యాసిడ్ ఫ్లక్స్ తరువాతి రోజుల్లో సన్నని వైర్లను తినేస్తుంది. ఇత్తడి పట్టీ మీదా వైరు కొన మీదా విడివిడిగా లెడ్ ముందే పట్టించుకుంటే, రెండింటినీ కలిపినప్పుడు ఒక్క సెకను వేడి చాలు. అంతకు మించి వేడి చేస్తే చుట్టూ ఉన్న ప్లాస్టిక్ కరుగుతుంది. వైరును కావలసిన పొడవు కంటే ఒక సెంటీమీటరు మాత్రమే ఎక్కువ ఉంచుకోవాలి, ఎందుకంటే ఆ చిన్న గదిలో చుట్టలు చుట్టుకున్న వైర్లే గేర్లకు తగులుతాయి. డీకోడర్‌ను మొత్తంగా హీట్ ష్రింక్ (వేడి చేస్తే బిగుసుకునే) గొట్టంలో చుట్టేస్తే వేడి బయటకు పోదు. లోహం తగిలే వైపు మాత్రం ఒక పొర క్యాప్టన్ వేసి, రెండు వైపులా అతుక్కునే పల్చటి టేపుతో పైకప్పుకు అంటించాలి.

ట్రాములో అప్పటికే ఉన్న దీపాలు పట్టీల నుంచి నేరుగా కరెంటు తీసుకుంటూ ఉంటే వాటిని కూడా విడదీయాలి. ప్రతి ఎల్‌ఈడీకి విడిగా ఒక రెసిస్టర్ ఉండాలి. 12 వోల్టుల వద్ద 1 కిలో ఓమ్ రెసిస్టర్ గుండా తెల్ల ఎల్‌ఈడీకి సుమారు 9 మిల్లీ ఆంపియర్లు వెళ్తాయి. వీధి ట్రాముకు ఆ వెలుగు మరీ ఎక్కువ, 4.7 కిలో ఓమ్‌తో వచ్చే మెత్తని కాంతి నాకు నచ్చుతుంది.

మొదటి పరీక్ష

పైభాగం మూయకుండానే ట్రామును ప్రోగ్రామింగ్ పట్టా (డీకోడర్ అమరికలు చదవడానికి, మార్చడానికి విడిగా ఉంచే పట్టా ముక్క) మీద పెట్టాలి. అక్కడ కరెంటు పరిమితంగా ఉంటుంది కాబట్టి పొరపాటున్నా డీకోడర్ బతికే అవకాశం ఎక్కువ. డీకోడర్‌లోని ఒక్కో అమరికను సీవీ అంటారు, ప్రతిదానికీ ఒక సంఖ్య ఉంటుంది. ముందుగా చిరునామాను, అంటే సీవీ 1ను, చదివి చూడాలి. కొత్త డీకోడర్‌లో అది 3 అని రావాలి. డీకోడర్ తన జవాబును మోటారుకు క్షణకాలం కరెంటు పంపి, కనీసం 60 మిల్లీ ఆంపియర్ల పెరుగుదలగా తెలియజేస్తుంది. అందువల్ల మోటారు వైరు ఊడిపోయినా, మోటారు మరీ తక్కువ కరెంటు లాగేదైనా కంట్రోలర్ తప్పు చూపుతుంది. చదవడం కుదరకపోయినా రాయడం కుదురుతుంది, కనుక తప్పు చూపినంత మాత్రాన కంగారుపడి వైర్లన్నీ విప్పనక్కర్లేదు.

తరువాత ప్రధాన పట్టా మీద నెమ్మదిగా నడపాలి. ముందు దీపం సరిగా వెలుగుతూ బండి మాత్రం వెనక్కి వెళ్తుంటే నారింజ, బూడిద వైర్లను తారుమారు చేయాలి. దీపమూ కదలికా రెండూ తిరగబడి ఉంటే సీవీ 29కి 1 కలిపితే చాలు, వైర్ల జోలికి వెళ్లనవసరం లేదు.

నాలుగు చక్రాల ట్రాము క్రాసింగుల దగ్గర క్షణకాలం కరెంటు అందక ఆగిపోవడం సహజం. చోటుంటే, కెపాసిటర్ కలిపేందుకు వీలున్న డీకోడర్‌కు తయారీదారు చెప్పిన బిందువుల వద్ద, కనీసం 25 వోల్టులు భరించే టాంటలం కెపాసిటర్లు కొన్ని కలపవచ్చు. ధన, రుణ కొనలు తారుమారైతే టాంటలం కెపాసిటర్ పేలి మండుతుంది. కెపాసిటర్లు పెట్టినప్పుడు డీసీ నడకను, అంటే మామూలు డీసీ మీద కూడా బండిని నడిపే డీకోడర్ సదుపాయాన్ని, ఆపేయడం తప్పనిసరి, లేకపోతే సంకేతం పోయిన క్షణంలో బండి పూర్తి వేగంతో పరుగెత్తవచ్చు. చాలా డీకోడర్లలో సీవీ 29 విలువ 6గా వస్తుంది. దాన్ని 2 చేస్తే (దిశ కోసం ముందే 1 కలిపి ఉంటే 3 చేస్తే) డీసీ నడక ఆగుతుంది.

ఇక వేగం. వీధిలో గంటకు 30 కి.మీ. వేగంతో వెళ్లే ట్రాము, జపాన్ 9 మి.మీ. గేజ్ నమూనాలకు వాడే 1:150 నిష్పత్తిలో సెకనుకు సుమారు 5.6 సెం.మీ. కదలాలి, అంటే ఒక మీటరు దాటడానికి 18 సెకన్లు పట్టాలి. పట్టా పక్కన మీటరు దూరం గుర్తు పెట్టి, ఫోన్‌లోని స్టాప్‌వాచ్‌తో కొలుస్తూ, కంట్రోలర్ పూర్తిగా తిప్పినప్పుడు ఆ సమయం వచ్చేవరకు సీవీ 5ను తగ్గించుకుంటూ పోవాలి. బండి కంట్రోలర్‌లోని వేగపు మొదటి మెట్టులోనే కదలడం మొదలుపెట్టేలా సీవీ 2ను ఒక్కొక్క అంకె పెంచాలి. సీవీ 3, సీవీ 4 విలువలను సుమారు 0.9తో గుణిస్తే బండి వేగం పుంజుకోవడానికి, ఆగడానికి పట్టే సెకన్లు వస్తాయి. స్టాపు దగ్గర ఆగే ట్రాముకు నాలుగు చొప్పున పెడితే సరిపోతుంది. ఈ పనంతా పూర్తయ్యాక పైభాగాన్ని మూసి, వైరు ఏదీ నలగలేదని చూసుకుని, కొత్త చిరునామాను పెన్సిల్‌తో ట్రాము అడుగున రాసుకోవాలి.