కొత్త ఏసీ కొనాలా, కూలర్ సరిపోతుందా? మీ ఇంటికి తగ్గది ఎంచుకోవడం ఎలా

ఏప్రిల్ రెండో వారం వచ్చేసరికి షోరూముల్లో ఏసీల ముందు నిలబడ్డవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "ఏ కంపెనీ మంచిది?" అసలు అది చివర్న అడగాల్సిన ప్రశ్న. గది ఎంత వేడెక్కుతోంది, మీ ఊళ్లో ఉండేది పొడి ఎండా ఉక్కపోతా, మీటరు ఎంత లోడు మోస్తుంది, బిగించేది ఎవరు? ఈ నాలుగూ తేలితే కంపెనీ పేరు పెద్ద విషయం కాదు. ఈ పని జనవరి, ఫిబ్రవరిలో పెట్టుకుంటే నయం. మే నెలలో అయితే బిగించే కుర్రాళ్లు దొరకరు. దొరికినా నాలుగు ఇళ్ల మధ్య పరుగులు పెడుతూ మీ ఇంట్లో పని ఎప్పుడు ముగుస్తుందా అని చూస్తారు.

1. ముందు పైకప్పు సంగతి చూడండి

మీది చివరి అంతస్తయితే మే నెలలో ఒక రాత్రి తొమ్మిదింటప్పుడు స్టూలు ఎక్కి స్లాబుకి అరచెయ్యి ఆనించి చూడండి. సూర్యుడు పోయి రెండు గంటలు దాటినా వెచ్చగానే తగులుతుంది. పగలంతా తాగిన ఎండని కాంక్రీటు రాత్రంతా కిందికి వదులుతూ ఉంటుంది. మీరు కొనే ఏసీ గదిలోని గాలితో పాటు ఆ స్లాబుతో కూడా తెల్లవార్లూ కుస్తీ పట్టాలి.

అందుకే మొదటి ఖర్చు డాబా మీద పెట్టండి. సున్నం రెండు పూతలు వేసినా తేడా తెలుస్తుంది, కాకపోతే వానలకి కొట్టుకుపోతుంది, ఏటా వేయాలి. ఎండని తిప్పికొట్టే కూల్ రూఫ్ పెయింటు అయితే కొన్నేళ్లు ఉంటుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చిందీ ఇందుకే. పెయింటు వేసే ముందు డాబా మీద పగుళ్లు పూడ్చుకోండి, లేకపోతే కారే డాబాకి తెల్ల రంగు వేసినట్టే అవుతుంది.

తర్వాత పడమటి గోడ, పడమటి కిటికీ. లోపల ఎంత మందం కర్టెన్ కట్టినా ఎండ అప్పటికే అద్దం దాటి గదిలోకి వచ్చేసి ఉంటుంది. దాన్ని బయటే ఆపాలి. బయట వైపు వెదురు తడక గానీ, షేడ్ నెట్ గానీ కట్టండి. ఈ రెండు పనులతోనే కొన్ని ఇళ్లలో ఏసీ ఆలోచన ఇంకో ఏడాదికి వాయిదా పడుతుంది. పడకపోయినా, కొనే ఏసీ చిన్నది సరిపోతుంది.

2. కూలరా, ఏసీనా? అది మీ ఊరి గాలి చెబుతుంది

కూలర్ నీటిని ఆవిరి చేసి గాలిని చల్లబరుస్తుంది. గాలి పొడిగా ఉంటేనే నీరు బాగా ఆవిరవుతుంది. రామగుండంలోనో నిజామాబాద్‌లోనో మధ్యాహ్నం 42 డిగ్రీలు, గాలిలో తేమ 20 శాతం ఉందనుకోండి. మంచి కూలర్ నుంచి వచ్చే గాలి దాదాపు 28 డిగ్రీలకి దిగుతుంది. అదే కూలర్‌ని కాకినాడ తీసుకెళ్లి 36 డిగ్రీలు, 65 శాతం తేమలో పెడితే 31 దగ్గరే ఆగిపోతుంది. పైగా గదిలో తేమ ఇంకా పెరిగి ఒళ్లంతా జిడ్డు. అంటే ఎండ ఎక్కువున్న ఊళ్లోనే కూలర్ బాగా పనిచేస్తుంది, ఎండ తక్కువున్న తీరంలో చేతులెత్తేస్తుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు వాళ్లు కూలర్ మీద డబ్బు పెట్టకపోవడమే మేలు. హైదరాబాద్‌లో మార్చి నుంచి మే చివరి దాకా హాయిగా నడుస్తుంది. తొలకరి పడ్డాక దాన్ని మూలకి నెట్టాల్సిందే. విజయవాడది మధ్యరకం. పడమటి గాలి తోలి ఊరు బ్లేజ్‌వాడ అయిన రోజున కూలర్ పనికొస్తుంది, సముద్రం గాలి తిరిగిన రోజున ఉక్క పెంచుతుంది.

కూలర్‌కి కరెంటు ఖర్చు చాలా తక్కువ, రెండు మూడు ఫ్యాన్లు తిరిగినంత. కానీ దానికి ఎదురుగా ఒక కిటికీ తెరిచి ఉండాలి. తలుపులన్నీ బిగించి కూలర్ వేసేవాళ్లు నాకు ఎన్ని ఇళ్లలో కనిపించారో! తడి గాలి బయటికి పోయే దారి లేకపోతే గంటలో గది ఆవిరి పట్టిన వంటిల్లే. బోరు నీళ్లయితే ప్యాడ్ మీద తెల్లటి ఉప్పు పొర కట్టి గాలి ఆడదు, అప్పుడప్పుడూ కడగాలి. వారానికోసారి ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి, గోడలు రుద్ది ఆరబెట్టాలి. డెంగీ దోమ గుడ్డు నుంచి దోమ కావడానికి పదిరోజులు చాలు.

3. ఏసీ అని తేలితే, మీటరు దగ్గరికి వెళ్లండి

ఒకటిన్నర టన్ను ఏసీ పూర్తి వేగంతో నడిచేటప్పుడు సుమారు ఒకటిన్నర కిలోవాట్లు లాగుతుంది. కరెంటు బిల్లు మీద కాంట్రాక్టెడ్ లోడ్ అని ఉంటుంది, చూడండి. అది 1 కిలోవాట్ అని ఉంటే ఏసీ కొనే ముందే లోడు పెంచమని డిస్కంకి, అంటే మీకు కరెంటు ఇచ్చే సంస్థకి, దరఖాస్తు పెట్టుకోవాలి. పాత ఇంట్లో అల్యూమినియం వైరింగ్ ఉంటే ఏసీకి కొత్త లైను తప్పదు. మెయిన్ నుంచి నేరుగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, దానికి విడిగా ఒక ఎంసీబీ (లోడు మించితే తనంతట తానే పడిపోయే స్విచ్చు), సరైన ఎర్తింగు. గీజరుకి వేసిన పాయింటు నుంచే ఏసీకి కూడా లాగుతానని ఎలక్ట్రీషియన్ అంటే వద్దనండి.

వేసవి సాయంత్రాలు మీ వీధిలో వోల్టేజీ పడిపోతుంటే "మా మోడల్‌కి స్టెబిలైజర్ అక్కర్లేదు" అన్న మాటని అలాగే మింగేయకండి. ఆ మోడల్ ఎన్ని వోల్టుల నుంచి ఎన్ని వోల్టుల దాకా తట్టుకుంటుందో బాక్సు మీద ఉంటుంది. రాత్రి ఎనిమిదింటికి మీ ఇంట్లో ఎంత వస్తుందో ఎలక్ట్రీషియన్ చేత వోల్టు మీటరుతో చూపించుకుని రెండూ పోల్చుకోండి. పల్లెల్లో, లైను చివరి ఇళ్లలో స్టెబిలైజర్ పెట్టుకోవడమే మంచిది. ఇంకోటి, ఇన్వర్టర్ ఏసీ అంటే కరెంటు పోయినా నడిచేది కాదు. గ్యాస్‌ని తిప్పే కంప్రెసర్ వేగాన్ని అవసరాన్ని బట్టి తగ్గించుకునేది, అంతే. ఇంట్లో ఫ్యాన్లకి పెట్టుకున్న చిన్న ఇన్వర్టర్ బ్యాటరీ దాన్ని మోయలేదు.

తెలంగాణలో గృహజ్యోతి కింద జీరో బిల్లు అందుకునే కుటుంబాలు ఇక్కడ ఒక లెక్క వేసుకోవాలి. నెలకి 200 యూనిట్లు దాటితే ఆ నెల బిల్లు మొత్తం కట్టాలి. ఏసీ గంటకి సగటున అర యూనిట్ నుంచి ముప్పావు యూనిట్ తిన్నా, రాత్రికి 8 గంటల చొప్పున నెలకి 120 నుంచి 180 యూనిట్లు ఒక్క ఏసీకే అవుతాయి. ఫ్రిజ్, ఫ్యాన్లు, టీవీ, మోటారు కలిస్తే దాటడం ఖాయం. కొనొద్దని కాదు, ఆ రెండు మూడు నెలల బిల్లుకి ముందే సిద్ధపడమని.

4. ఎన్ని టన్నులు?

ఒక టన్ను అంటే గంటకి 12,000 బీటీయూలు, మన లెక్కలో సుమారు 3.5 కిలోవాట్ల వేడిని బయటికి తోడేసే శక్తి. పది అడుగుల ఎత్తు గదికి వాడుకలో ఉన్న లెక్క ఇది: 120 చదరపు అడుగుల దాకా ఒక టన్ను, 180 దాకా ఒకటిన్నర, అంతకు మించితే రెండు. పైన ఎండపడే స్లాబు ఉంటే అర టన్ను పెంచుకోవాలి. పడమటి వైపు పెద్ద కిటికీ ఉన్నా, హాల్లో పదిమంది కూర్చునే ఇల్లయినా అంతే. డూప్లెక్స్‌లో మెట్లు హాల్లోంచే పైకి వెళ్తుంటే చల్లగాలికి అడ్డేమీ ఉండదు. అక్కడ టన్నులు పెంచడం కంటే ఒక తెర కట్టడం చవక.

ఇక్కడ చాలామంది చూడనిది ఒకటుంది. ఒకటిన్నర టన్ను అని రాసి అమ్మేవన్నీ సమానం కాదు. కరెంటు పొదుపుని స్టార్లలో చూపే లేబుల్ మీద కూలింగ్ కెపాసిటీ (ఎంత చల్లబరచగలదో) వాట్లలో ఉంటుంది. ఒకదాని మీద 4,700 ఉంటే పక్కనున్నదాని మీద 5,200 ఉండొచ్చు, పేరుకి రెండూ ఒకటిన్నరే. పైగా ఆ అంకె బయట 35 డిగ్రీలు ఉన్నప్పుడు కొలిచింది. రెంటచింతలలో, కొత్తగూడెంలో 45 దాటిన మధ్యాహ్నం అది అంత చల్లదనం ఇవ్వలేదు. అలాంటి ఊళ్లలో రెండు మోడళ్ల మధ్య తేల్చుకోలేకపోతే వాట్లు ఎక్కువున్నది తీసుకోండి.

అలాగని అవసరం లేకుండా పెద్దది పెట్టినా తిప్పలే. చిన్న గదిలో రెండు టన్నులది పెడితే పది నిమిషాల్లో చల్లబరిచి ఆగిపోతుంది. గాలిలోని తేమని లాగే సమయమే ఉండదు. తీరం ఊళ్లలో దీని ఫలితం బాగా తెలుస్తుంది: చల్లగా ఉంటుంది, దుప్పటి మాత్రం చెమ్మగా ఉంటుంది.

5. స్టార్లు కాదు, వాటి కింద ఉన్న అంకె

ఆ స్టార్ లేబుల్ ఇచ్చేది బీఈఈ, అంటే కేంద్రం ఇంధన పొదుపు సంస్థ. దాని మీద ఐఎస్‌ఈఈఆర్ అని, తిన్న కరెంటుకి ఎంత చల్లదనం ఇస్తుందో చెప్పే ఒక సంఖ్య ఉంటుంది. అది ఎంత ఎక్కువైతే కరెంటు అంత తక్కువ. స్టార్ల కొలబద్ద కొన్నేళ్లకోసారి బిగిస్తుంటారు కాబట్టి గోడౌన్‌లో మిగిలిన పాత లేబుల్ 5 స్టార్, కొత్త లేబుల్ 5 స్టార్ ఒకటి కావు. లేబుల్ ఏ ఏడాదికి చెల్లుతుందో చూసి, ఐఎస్‌ఈఈఆర్‌లనే పోల్చండి.

అదే లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లో కూడా ఉంటుంది. అది 1,600 గంటల వాడకానికి వేసిన లెక్క. ఒక మోడల్ మీద 980, ఇంకోదాని మీద 780 ఉన్నాయనుకుందాం. తేడా 200 యూనిట్లు. మీ కరెంటు బిల్లు స్లాబులో యూనిట్ 9 రూపాయలైతే ఏడాదికి 1,800 మిగులుతుంది. రెండింటి ధరలో తేడా 9,000 అయితే అయిదేళ్లకి గిట్టుబాటు. మీరు ఏప్రిల్, మే రాత్రుళ్లు మాత్రమే వేసేవాళ్లయితే గంటలు 500 కూడా దాటవు, అప్పుడు 3 స్టార్ తీసుకుని మిగిలిన డబ్బు డాబా మీద పెట్టడం తెలివైన పని. ఇంట్లో పెద్దవాళ్లో, ఇంటి నుంచి ఆఫీసు పని చేసేవాళ్లో ఉండి పగలూ రాత్రీ నడిస్తే మాత్రం 5 స్టార్ మారు మాట్లాడకుండా తీసుకోవచ్చు.

ఏసీ లోపల తిరిగి చల్లబరిచే గ్యాస్ విషయంలో ఇప్పుడు ఎక్కువగా వచ్చేది ఆర్-32. పాత ఆర్-22 సెకండ్ హ్యాండ్ ఏసీ చవగ్గా వచ్చినా జోలికి పోవద్దు. బయటి యూనిట్‌లో వేడిని వదిలే కాయిల్, అంటే కండెన్సర్, రాగిది అయితే లీకు పడితే అతుకు వేయడం తేలిక. సముద్రానికి దగ్గరగా ఉంటే కాయిల్ మీద తుప్పు పట్టని పూత ఉందో లేదో అడగండి. వైఫై, అయిదు రకాల కన్వర్టిబుల్ మోడ్‌ల కోసం అదనంగా ఇవ్వాల్సిన పని లేదని నా అభిప్రాయం. కంప్రెసర్‌కి పదేళ్ల వారంటీ అని పెద్ద అక్షరాల్లో వేస్తారు, నిజానికి ఆటుపోట్ల కరెంటుకి ముందు పోయేది లోపలి ఎలక్ట్రానిక్ బోర్డు, పీసీబీ. దానికి ఎన్నేళ్లు ఇస్తున్నారో అడగండి.

అద్దె ఇంట్లో ఉండేవాళ్లకి ఇంకా విండో ఏసీయే సుఖం, కిటికీ అనుకూలంగా ఉంటే. ఇల్లు మారిన ప్రతిసారీ స్ప్లిట్ విప్పి, మళ్లీ బిగించి, గ్యాస్ నింపించుకునే ఖర్చు తప్పుతుంది. ధరల విషయానికొస్తే, 2025 సెప్టెంబర్ 22 నుంచి ఏసీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. పాత ధర మీద డిస్కౌంట్ వేసి చూపిస్తుంటే అది లెక్కలోకి తీసుకోండి.

6. చలికాలం వేడి కావాలా?

మన దగ్గర ఎక్కువమందికి అక్కర్లేదు. ఆదిలాబాద్ పల్లెలు, అరకు, లంబసింగి లాంటి చోట్ల ఉండేవాళ్లకి హాట్ అండ్ కోల్డ్ ఏసీ మంచి ఆలోచన. అది బయటి గాలిలోని వేడినే లోపలికి తోడుతుంది కాబట్టి మామూలు రూమ్ హీటరుతో పోలిస్తే అంతే వెచ్చదనానికి మూడో వంతు కరెంటు చాలు. హైదరాబాద్‌లో ఏడాదికి ఆ పదీ పదిహేను చలి ఉదయాల కోసం ఎక్కువ పెట్టి కొనడం దండగ, పెద్దవాళ్ల గదిలో ఆయిల్ హీటరు ఒకటి చాలు. మూసిన గదిలో బొగ్గుల కుంపటి మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టొద్దు, దాన్నుంచి వచ్చే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.

7. బిగించే రోజు దగ్గరుండండి

మంచి ఏసీని చెత్తగా బిగిస్తే 5 స్టార్ కాస్తా 2 స్టార్ అవుతుంది. "ఇన్‌స్టలేషన్ ఫ్రీ" అన్నా రాగి పైపు చాలా మోడళ్లకి మూడు మీటర్ల దాకే వస్తుంది. ఆపైన ప్రతి మీటరుకీ, స్టాండుకీ, డ్రెయిన్ పైపుకీ డబ్బులు. ఆ రేట్లు బిల్లు వేయకముందే కాగితం మీద రాయించుకోండి.

బయటి యూనిట్ గాలి ఆడే చోట, వీలైతే నీడలో ఉండాలి. అందం కోసం దాని చుట్టూ జాలీ కట్టేస్తే అది వదిలిన వేడిగాలినే మళ్లీ పీలుస్తుంది. రిపేరు మనిషి నిలబడటానికి చోటుందా అనీ చూడండి, అయిదో అంతస్తు గోడకి వేలాడదీసిన యూనిట్‌ని ముట్టుకోవడానికి తర్వాత ఎవరూ రారు.

పైపులు కలిపాక వ్యాక్యూమ్ పంపు పెట్టి లోపలి గాలిని, తేమని లాగేయాలి. కనీసం పావుగంట, ఇరవై నిమిషాలు పడుతుంది. కొందరు పంపు తేకుండా, యూనిట్‌లో ఉన్న గ్యాస్‌నే కాస్త వదిలి గాలిని బయటికి తోసేస్తారు. "బుస్స్" మని శబ్దం వచ్చి అర నిమిషంలో పని అయిపోయిందంటే జరిగింది అదే. పంపు తెచ్చారా అని లోపలికి రాగానే అడగండి, లేదంటే తెచ్చాకే మొదలుపెట్టమనండి. లోపలి యూనిట్ డ్రెయిన్ వైపు కాస్త వాలుగా ఉందో లేదో ఒక చెంబెడు నీళ్లు ట్రేలో పోయించి చూడండి, గోడ వెంట కారితే అప్పుడే సరిచేయించొచ్చు.

ఆఖరికి అరగంట నడిపించి, ఏసీ పీల్చే గాలికీ వదిలే గాలికీ మధ్య థర్మామీటరుతో తేడా చూడమనండి. పది డిగ్రీల అటూఇటూ ఉంటే బాగున్నట్టు. సీరియల్ నంబర్లు ఫోటో తీసుకుని వాళ్లు వెళ్లకముందే వారంటీ రిజిస్టర్ చేయించండి. 2020 నుంచి స్టార్ లేబుల్ ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 డిగ్రీల మీద మొదలవుతాయి. దాన్ని 18కి తిప్పితే గది త్వరగా చల్లబడదు, 26 మీద పెట్టి ఫ్యాన్ చిన్నగా వేసుకోండి. డిగ్రీ పెంచిన కొద్దీ సుమారు 6 శాతం కరెంటు తగ్గుతుందని బీఈఈ లెక్క.