గిటార్‌లో గరగర, హమ్ వస్తోందా? పికప్ మార్చే ముందు జాక్ విప్పి చూడండి

ఎలక్ట్రిక్ గిటార్ ఉన్న ప్రతివాళ్ళకీ ఎప్పుడో ఒకప్పుడు వచ్చే గొడవే ఇది. వాల్యూమ్ తిప్పితే గరగర, కేబుల్ కాస్త కదిలితే సౌండ్ మాయం, ఏం వాయించకపోయినా ఆంప్ (యాంప్లిఫయర్) లోంచి జుయ్యిమని హోరు, అదే హమ్. వెంటనే పికప్స్ (స్ట్రింగ్స్ కింద ఉండి వాటి కదలికని పట్టేవి) పోయాయని తీర్మానించేసుకుని కొత్తవి వెతకడం మొదలెడతాం. నేనూ అదే చేశా, కొత్త పికప్స్ వేశాక కూడా అదే గరగర వచ్చింది, చివరికి చూస్తే జాక్ (కేబుల్ గుచ్చే చోటు) దగ్గర ఒక వైరు సగం ఊడి వేలాడుతోంది. అసలు పికప్ అంటే ఏముందండీ, అయస్కాంతాల చుట్టూ వేల చుట్లు చుట్టిన వెంట్రుక కన్నా సన్నటి రాగి తీగ, అంతే, అందులో కదిలే ముక్క ఒక్కటీ లేదు, అరిగేదీ లేదు. కదిలేవీ అరిగేవీ ఊడేవీ అన్నీ దాని తర్వాత ఉన్నాయి: స్విచ్, పాట్స్ (వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింద తిరిగే భాగాలు), జాక్, టంకాలు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు, ముందు అవి చూద్దాం.

స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు ఓ పది నిమిషాలు చెవులతో పని చేయండి. మొదట కేబుల్ మార్చి చూడండి, సగం కేసులు ఇక్కడే తేలిపోతాయి. తర్వాత గిటార్ తీసేసి ఆంప్ ఒక్కటే ఆన్ చేసి వినండి, అప్పుడూ హోరు అలాగే ఉంటే మీ గిటార్ పాపం ఏమీ లేదు. గిటార్ పెట్టి వాల్యూమ్ పూర్తిగా సున్నాకి తిప్పండి, సున్నాలో కూడా హోరు తగ్గకపోతే తేడా వాల్యూమ్ పాట్ తర్వాత ఎక్కడో ఉంది, అంటే జాక్ గానీ దానికెళ్ళే వైర్లు గానీ.

ఇంకొకటి, నాకు బాగా ఇష్టమైన టెస్ట్. స్ట్రింగ్స్ మీద చెయ్యి పెట్టండి. హోరు తగ్గితే మీ గ్రౌండ్ బానే ఉన్నట్టు, మన ఒళ్ళే యాంటెన్నాలా చుట్టూ ఉన్న కరెంటు గోలని లాగి గిటార్‌కి అంటిస్తుంది, స్ట్రింగ్ తాకగానే ఆ గోల బ్రిడ్జ్ మీదుగా గ్రౌండ్‌కి పోతుంది. చెయ్యి పెట్టినా తీసినా ఏ తేడా లేకపోతే బ్రిడ్జ్ కింద నుంచి వచ్చే గ్రౌండ్ వైరు ఊడి ఉండొచ్చు. చెయ్యి పెడితే హోరు ఇంకా పెరిగితే జాక్ దగ్గర రెండు వైర్లూ అటుదిటు ఇటుదటు వేసుంటారు, ముఖ్యంగా ఎవరో ఈమధ్యే రిపేర్ చేసిన గిటార్లలో ఇది చూస్తుంటాం. ఇవేవీ కాకుండా స్ట్రింగ్ తాకితే చురుక్కుమని షాక్ తగిలితే మాత్రం అక్కడే ఆపేయండి, అది గిటార్ రిపేర్ కాదు, ఆంప్‌లోనో ఇంటి ఎర్తింగ్‌లోనో తేడా ఉంది, ఎలక్ట్రీషియన్‌కి చూపించే వరకు దాన్ని ముట్టుకోవద్దు.

సరే ఇప్పుడు విప్పుదాం, జాక్‌తో మొదలెట్టండి. స్ట్రాట్ (ఫెండర్ స్ట్రాటోకాస్టర్) టైపు గిటార్‌లో జాక్ ప్లేటుకి రెండు స్క్రూలు, తీస్తే మొత్తం చేతిలోకి వస్తుంది. లోపల రెండే వైర్లు, ఒకటి ప్లగ్ టిప్‌కి, అంటే కొసకి, తగిలే స్ప్రింగ్ రేకుకి, రెండోది బయటి రింగుకి అంటే గ్రౌండ్‌కి. కేబుల్ పెట్టి చూడండి, ఆ రేకు ప్లగ్ టిప్ మీద గట్టిగా నొక్కుకుంటోందా, లేక ఊరికే ఆనుకుని ఉందా? వదులుగా ఉంటే కేబుల్ తీసేసి రేకుని వేలితో మెల్లగా లోపలికి వంచండి, ఒకటి రెండు మిల్లీమీటర్లు చాలు. కాంటాక్ట్ నల్లబడితే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి తుడవండి. నట్ వదులైతే బయట నుంచి స్పానర్ పెట్టి తిప్పేయడం అందరం చేసే తప్పు, నట్‌తో పాటు లోపల జాక్ కూడా గిర్రున తిరుగుతుంది, వైర్లు మెలిపడి టంకం దగ్గర పుటుక్కుమంటాయి. లోపల జాక్‌ని వేళ్ళతో పట్టుకుని అప్పుడు నట్ బిగించండి.

తర్వాత గరగర. పాట్ లోపల గుర్రపు నాడా ఆకారంలో కార్బన్ పూత ఉంటుంది, దాని మీద చిన్న బ్రష్ లాంటి రేకు జారుతుంటుంది, మధ్యలో దుమ్ము చేరితే తిప్పినప్పుడు గరగర. పాట్ కాళ్ళు బయటికొచ్చే చోట చిన్న సందు ఉంటుంది చూడండి, అందులోకి స్ప్రే గొట్టం పెట్టి కాంటాక్ట్ క్లీనర్ కొంచెం, నిజంగానే కొంచెం కొట్టి ఈ చివర నుంచి ఆ చివరికి ఓ ఇరవై ముప్పై సార్లు తిప్పండి. తలుపు బందులకి కొట్టే నూనె స్ప్రే మాత్రం వద్దు, రెండ్రోజులు బానే ఉంటుంది, తర్వాత ఆ జిడ్డుకి దుమ్మంతా అంటుకుని మొదటికొస్తుంది. స్విచ్ కాంటాక్టులకీ ఇదే వైద్యం. క్లీన్ చేసినా ఒకే చోట సౌండ్ తెగుతుంటే కార్బన్ అరిగిపోయింది, పాట్ మార్చాల్సిందే.

మార్చేటప్పుడు విలువ చూసుకోండి, ఒకే తీగచుట్ట ఉన్న సింగిల్ కాయిల్ పికప్‌కి మామూలుగా 250 కిలో ఓమ్స్, రెండు చుట్టలున్న హంబకర్‌కి 500. హంబకర్‌కి 250 వేస్తే పాడయ్యేదేం లేదు, పైన మెరుపు తగ్గి సౌండ్ కాస్త మందంగా వస్తుంది, కొందరికి అదే నచ్చుతుంది కూడా. టేపర్, అంటే తిప్పుతుంటే విలువ మారే తీరు, ఆడియోనా లీనియరా అన్నది కూడా చూడండి, వాల్యూమ్‌కి లీనియర్ వేస్తే తిప్పుతుంటే చాలాసేపు ఏమీ తగ్గనట్టే ఉండి చివర్లో ఒక్కసారిగా పడిపోతుంది. ఇంకోటి ఎవరూ చెప్పరు, పాట్‌లలో ఇంచ్ కొలతవి మెట్రిక్ కొలతవి వేరువేరు, కొత్త పాట్ రంధ్రంలో పట్టదు లేదా పాత నాబ్ దాని మీద కూర్చోదు, కాబట్టి కొనే ముందే రంధ్రం, షాఫ్ట్ రెండూ కొలవండి.

పికప్ నిజంగా పోయిందా అన్న అనుమానం ఉంటే ఏమీ విప్పకుండానే తేల్చేయొచ్చు. గిటార్‌కి కేబుల్ పెట్టండి, రెండో చివర ఆంప్‌కి కాకుండా మల్టీమీటర్‌కి, ఒక ప్రోబ్ టిప్ మీద ఇంకోటి స్లీవ్ (ప్లగ్ మిగతా లోహపు ఒళ్ళు) మీద, 20 కిలో ఓమ్స్ రేంజ్, వాల్యూమ్ పదిలో. ఒక్కో పికప్‌ని సెలెక్ట్ చేస్తూ పోండి. సింగిల్ కాయిల్ సుమారు 5 నుంచి 7 కిలో ఓమ్స్, మామూలు హంబకర్ 7 నుంచి 9, హై అవుట్‌పుట్‌వి ఇంకా ఎక్కువ. సున్నా చూపిస్తే ఎక్కడో షార్ట్. అసలు రీడింగే రాకపోతే రేంజ్ పెంచి చూడండి, అక్కడ 250 చుట్టుపక్కలో 500 చుట్టుపక్కలో కనిపిస్తే మీటర్ చదువుతున్నది పాట్‌ని, పికప్‌ని కాదు, అంటే పికప్ వైరు ఎక్కడో తెగింది లేదా స్విచ్ కలవట్లేదు. బ్యాటరీతో నడిచే యాక్టివ్ పికప్స్‌కి ఈ లెక్క పనికిరాదు, వాటికి ముందు బ్యాటరీ మార్చి చూడండి, పైగా కేబుల్ పెట్టి వదిలేస్తే ఆ బ్యాటరీ ఊరికే అయిపోతుంటుంది.

సోల్డరింగ్ గురించి భయపడేవాళ్ళు ఎక్కువ, నిజానికి కష్టమైంది ఒక్కటే, పాట్ వీపు మీద గ్రౌండ్ వైరు అతికించడం. ఆ లోహం వేడంతా మింగేస్తుంది. చిన్న ఐరన్ పెట్టి నిమిషం సేపు రుద్దుతూ కూర్చుంటే లోపల కార్బన్ మాడిపోతుంది, దానికన్నా 40 వాట్ల పైన ఉన్న ఐరన్, వెడల్పు బిట్, 350 డిగ్రీల చుట్టూ వేడి పెట్టి నాలుగైదు సెకన్లలో పని ముగించడం నయం. ముందు పాట్ వీపుని సాండ్‌పేపర్‌తో గీకండి, అక్కడ కాస్త టంకం పూయండి, వైరు కొసకీ పూయండి, తర్వాత రెండూ కలిపి వేడి చేయండి, వేడి చేయాల్సింది లోహాన్ని, సోల్డర్ వైరుని కాదు. చల్లారే వరకు కదపొద్దు. మెరుస్తూ చుట్టూ పాకినట్టు ఉంటే మంచి టంకం, మసకగా ఉండలా నిలబడితే మళ్ళీ చేయండి (లెడ్ లేని సోల్డర్ ఎలాగూ కాస్త మసకగానే ఉంటుంది, దాన్ని చూసి కంగారు పడకండి). పైపులకి వాడే యాసిడ్ ఫ్లక్స్ వద్దు, వైర్లని తినేస్తుంది. కిటికీ తీసి పెట్టుకోండి, లెడ్ ఉన్న సోల్డర్ అయితే అయ్యాక చేతులు కడుక్కోండి. మొదలెట్టే ముందు ఫోన్‌తో లోపలి వైరింగ్ నాలుగు ఫోటోలు తీసుకోవడం మర్చిపోవద్దు, గుర్తుంటుందిలే అనుకుంటాం, ఉండదు.

ఇక షీల్డింగ్. లోపలి గుంతలకి రాగి టేపు అంటిస్తే హమ్ మొత్తం పోతుందని చాలామంది ఆశ పడతారు, సగమే నిజం. ట్యూబ్‌లైట్లు, డిమ్మర్లు, ఛార్జర్ల నుంచి వచ్చే గరుకు గోల బాగా తగ్గుతుంది. కానీ ట్రాన్స్‌ఫార్మర్ల నుంచి అయస్కాంత క్షేత్రంగా వచ్చే 50 లేదా 60 హెర్ట్జ్ హమ్ రాగి రేకుని లెక్కచేయదు, సింగిల్ కాయిల్ పుట్టుకే అది. దానికి మందు రెండు కాయిల్స్‌ని ఒకదానికొకటి వ్యతిరేకంగా వేసి హమ్ ఒకదాన్నొకటి కొట్టేసేలా చేయడం, 1950లలో గిబ్సన్ గిటార్ కంపెనీలో ఇంజనీర్ సెత్ లవర్ చేసిన హంబకర్ అదే. మధ్య పికప్ తిరగేసి చుట్టిన స్ట్రాట్‌లో స్విచ్ 2, 4 పొజిషన్లలో (మధ్య పికప్ ఇంకోదానితో కలిసి మోగే చోట) హమ్ తగ్గేది కూడా ఈ కారణానికే. షీల్డింగ్ చేస్తే జిగురు కూడా కరెంటు పోనిచ్చే రకం టేపు తీసుకోండి, ముక్కలన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కాలి, మీటర్‌తో ఈ మూల నుంచి ఆ మూలకి కలుస్తోందో లేదో చూడండి, ఒక వైరుతో గ్రౌండ్‌కి కలపండి. నేను మొదటిసారి ఎంతో ముచ్చటగా అంటించి అన్నీ బిగించి ఆంప్ ఆన్ చేస్తే హమ్ లేదు, గరగర లేదు, గిటార్ సౌండ్ కూడా లేదు! జాక్ టిప్ రేకు రాగికి తగులుతోంది. అప్పటి నుంచి జాక్ గుంతలో, స్విచ్ పక్కన ఇన్సులేషన్ టేపు వేయకుండా మూత బిగించను.

ఎలాగూ విప్పారు కాబట్టి ఒక చిన్న మార్పు చేసుకోవచ్చు. వాల్యూమ్ తగ్గిస్తే సౌండ్ మబ్బుగా అయిపోతోందా? వాల్యూమ్ పాట్‌లో పికప్ వైరు వచ్చే కాలుకి, జాక్‌కి వెళ్ళే మధ్య కాలుకి మధ్యలో 0.001 మైక్రోఫారడ్ కెపాసిటర్, దానికి పక్కపక్కన 150 కిలో ఓమ్స్ రెసిస్టర్ వేయండి, తగ్గించినా ట్రెబుల్ నిలబడుతుంది. నచ్చకపోతే రెండు టంకాలు తీసేస్తే పాతదే.

ఆంప్ దగ్గర మాత్రం నా ధైర్యం బయటే ఆగుతుంది. ట్యూబ్ ఆంప్‌లో ఫిల్టర్ కెపాసిటర్లు ప్లగ్ పీకేశాక కూడా వందల వోల్టులు పట్టుకుని ఉండొచ్చు, ప్రాణం తీస్తాయి, వాటిని డిశ్చార్జ్ చేయడం నేర్చుకోని వాళ్ళు వెనక ప్యానెల్ విప్పొద్దు. బయట నుంచి చేయగలిగింది ఒకటుంది. ఆంప్ సౌండ్ ఉన్నట్టుండి పడిపోయి, గుద్దితే మళ్ళీ వస్తోందా? వెనక ఎఫెక్ట్స్ లూప్ (ఎఫెక్ట్ పెడల్స్ కలపడానికి ఉండే సెండ్, రిటర్న్ జాక్‌లు) ఉంటే సెండ్ నుంచి రిటర్న్‌కి చిన్న ప్యాచ్ కేబుల్ వేయండి. సౌండ్ నిలకడగా వచ్చిందంటే రిటర్న్ జాక్ లోపలి స్విచ్ కాంటాక్ట్ మురికి పట్టింది, ఆంప్ ఆఫ్ చేసి ప్లగ్ తీసి, ఒక ప్లగ్ మీద కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఆ జాక్‌లోకి పదిహేను సార్లు దూర్చి లాగండి, ఆరాక ఆన్ చేసి చూడండి.