హెసరఘట్ట చెరువుకు వెళ్లేవారికి

బెంగళూరులో స్థిరపడిన తెలుగువారు సెలవు దొరికితే నంది కొండకు బయలుదేరుతారు గాని, ఆ కొండల వైపు నుంచి వచ్చే అర్కావతి నదికి అడ్డంగా 1894లో కట్టిన హెసరఘట్ట చెరువును మాత్రం బస్సు బోర్డు మీద చదివి ఊరుకుంటారు. నీళ్లు ఏ యేటికి ఆ యేడు మారుతుంటాయి కనుక, నిండు చెరువును చూడాలన్న ఆశతో కాక, చెరువు ఎలా కట్టారో, ఎందుకు వట్టిపోతోందో తెలుసుకోవాలని వెళ్లడం మేలు.

తుమకూరు రోడ్డులో ఎనిమిదో మైలు దగ్గర చీలే హెసరఘట్ట రోడ్డు పట్టాలి. మెట్రోలో వచ్చేవారు దాసరహళ్లిలో దిగి సిటీ బస్సు అందుకోవచ్చు. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు, ఎండ ముదరకముందే చేరుకుంటే మంచిది.

ముందుగా కట్ట మీద కొంత దూరం నడవండి. నీటివైపు పేర్చిన రాళ్ల సందుల్లో మొలిచిన చెట్లు చూడటానికి పచ్చగా ఉన్నా, వాటి వేళ్లు కట్టను వదులు చేస్తాయి. ఏ కట్ట ఆలనాపాలనా ఎలా ఉందో చెప్పే మొదటి గుర్తు అదే. తూమును కన్నడంలోనూ తూబు అంటారు కనుక అక్కడి పెద్దవారిని అడగడం తేలికే గాని, నిండిన చెరువు నీరు పొర్లిపోయే చోటును మన రాయలసీమ అలవాటు ప్రకారం మరువ ఎక్కడ అంటే వారికి తెలియదు, "కోడి ఎల్లిదె, అజ్జా?" (మరువ ఎక్కడుంది, తాతా?) అని అడగాలి.

ఒకప్పుడు ఈ నీరు ఇటుకలతో కట్టిన కాలువలో వాలును బట్టి తరబనహళ్లి మీదుగా సోలదేవనహళ్లికి చేరేది, అక్కడి నుంచి ఆవిరి యంత్రాలు దానిని నగరానికి ఎక్కించేవి. ఓపిక ఉన్నవారు తరబనహళ్లిలో ఆ ఇటుక కట్టడాన్ని కూడా చూడాలి, నా దృష్టిలో చెరువు కంటే అదే ముచ్చటైనది. 1933లో తిప్పగొండనహళ్లి జలాశయం, ఆ తరువాత కావేరి నీరు రావడంతో నగరం దీనిని మరచిపోయింది. ఎగువన బోరుబావులు, నీలగిరి తోటలు పెరిగి, వాగులకు అడ్డంగా లేఅవుట్లు వెలిసి, అర్కావతికి వచ్చే ఊటా వరదా రెండూ తగ్గాయి.

చెరువు గర్భంలోకి దిగవలసి వస్తే చేతికర్రతో నేలను పొడిచి చూసుకోండి. పెంకులా ఎండి నెర్రెలిచ్చిన పైపొరను నమ్మి ఒకసారి నేను స్కూటరు దింపాను. రెండంగుళాల కింద అంతా బురదే కావడంతో చక్రం ఇరుసు దాకా కూరుకుపోయి, మేకలు తోలుకొచ్చిన ఇద్దరు కుర్రవాళ్లు సాయం పడితే గాని బయటికి రాలేదు. బండిని రోడ్డు మీదే ఆపాలి.

చెరువు పక్కనున్న గడ్డినేలను చూసి, ఇక్కడ చెట్లు నాటితే బాగుండునని అనిపించడం సహజమే గాని, అది బీడు కాదు. చలికాలంలో ఉత్తర దేశాల నుంచి వలస వచ్చే పిల్లిగద్దలు చెట్ల మీద కాక ఈ గడ్డిలోనే, నేల మీదే రాత్రి తలదాచుకుంటాయి. నేల మీద గూళ్లు పెట్టే చిన్న పిట్టలూ ఇక్కడ ఉన్నాయి. అందువల్ల బాట వదిలి గడ్డిలో నడవకూడదు, కుక్కలను వదలకూడదు, పొద్దు వాలే వేళకు బయటికి వచ్చేయాలి. అటవీశాఖ బోర్డులు ఉన్నచోట వాటి ప్రకారమే నడుచుకోవాలి. నీళ్లసీసా, టోపీ ఇంటి నుంచే తెచ్చుకోండి, గడ్డిలో నీడ దొరకదు.