వరి గింజలో జింకు పెంచే పిచికారీ

నాట్లకు ముందు దమ్ములో ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేట్ వేస్తే పైరుకు లోపం తీరుతుంది, దిగుబడి నిలబడుతుంది. గింజలోకి చేరేది మాత్రం తక్కువే. అన్నంలో జింకు పెరగాలంటే ఆకుల మీద కొట్టాలి, అదీ ఆలస్యంగా. వంశధార, నాగావళి ఆయకట్టు వరిలో పొట్ట దశలో (వెన్ను ఇంకా బయటికి రాకముందు) ఒకసారి, గింజ పాలు పోసుకునేటప్పుడు మరోసారి. రెండోదాన్ని అస్సలు వదలొద్దు.

ఎకరాకు 200 లీటర్ల నీరు, కిలో జింక్ సల్ఫేట్, అరకిలో సున్నం. అంటే 16 లీటర్ల ట్యాంకుకు 80 గ్రాముల జింక్ సల్ఫేట్, 40 గ్రాముల సున్నం. జింకు ద్రావణానికి ఆమ్లగుణం ఉంటుంది. సున్నం లేకుండా కొడితే ఆకు కొనలు మాడతాయి. సున్నాన్ని రాత్రే వేరే బకెట్లో నానబెట్టి, పొద్దున్నే పలుచటి గుడ్డలో వడకట్టండి. ఒక్క పలుకు మిగిలినా నాజిల్ పూడుకుపోతుంది.

పూత విచ్చుకునే ఉదయం వేళ వద్దు, ఎండ తగ్గాక సాయంత్రం కొట్టండి. ఇందులో భాస్వరం ఉన్న డీఏపీ ఎరువు కలపకూడదు. భాస్వరంతో కలిస్తే జింకు కరగని పదార్థంగా మారి అడుగున పేరుకుంటుంది. దమ్ములో వేసేటప్పుడూ రెంటి మధ్య మూడు రోజులు ఎడం ఉండాలి. అక్టోబరులో అల్పపీడనం కబురుంటే ఆగండి. ఆకు ఆరకముందే వాన పడితే అంతా కడుక్కుపోతుంది.

ఇంత చేసి బియ్యం తెల్లగా మెరిసేదాకా పాలిష్ పట్టిస్తే తవుడుతోపాటే కొంత జింకు పోతుంది. తిండికి ఒక్క పట్టు చాలు.

మెట్ట ఉన్నవాళ్లు చోళ్లలో (రాగుల్లో) విజయనగరం పరిశోధన స్థానం రూపొందించిన ‘వేగవతి’ వేసుకోండి, ఇనుము ఎక్కువున్న రకం. చోడి అంబలిలో నిమ్మకాయ పిండుకుంటే ఆ ఇనుము బాగా ఒంటబడుతుంది. వెంటనే టీ తాగితే అంతగా పట్టదు.