గ్రూపులో మాటలు తగ్గాయా? తేడా ఎక్కడుందో చూడండి

పదో తరగతి బ్యాచ్ వాట్సాప్ గ్రూపు కావచ్చు, అపార్ట్‌మెంట్‌ది కావచ్చు, పుస్తకాలు చదివేవాళ్లది కావచ్చు. గొడవలొచ్చి గ్రూపులు పోతాయని అంటుంటారు. నేను చూసినంతలో ఎక్కువ గ్రూపులు పోయేది అడిగినవాళ్లకు జవాబు రాకే. అందుకే మొదట దాని సంగతి.

సమస్య: కొత్తవాళ్లు ఒకసారి మాట్లాడి మళ్లీ కనబడరు

కారణం: వాళ్ల మొదటి మెసేజ్‌ను అందరూ చూశారు, ఎవరూ పలకలేదు. లేదా "ఇది ఇదివరకే మాట్లాడుకున్నాం, పైన చూడండి" అన్నారు. తాము చేరకముందు జరిగిన మాటలు కొత్తవాళ్లకు మామూలుగా కనిపించవన్న సంగతి పాతవాళ్లకు గుర్తుండదు.

పరిష్కారం: ఇద్దరు ముగ్గురు పాతవాళ్లు ఈ పని మీద వేసుకోవాలి. కొత్తవారు ఏదడిగినా ఆ రోజే, పేరు పెట్టి పలకరించి జవాబివ్వాలి. "నాకు తెలియదండీ, ఫలానా వారికి తెలిసి ఉంటుంది" అన్నా జవాబే. అడిగింది ఒక్కరే అయినా, అడగాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్లు ఇంకా చాలామంది దాన్ని చూస్తుంటారు. తెలుగు వికీపీడియాలో కొత్తగా చేరినవారి చర్చ పేజీలో స్వాగతం పెడతారు, సందేహాలు అడిగేందుకు రచ్చబండ అనే పేజీ ఉంది. ఎక్కడ అడగాలో మొదటి రోజే తెలియడం చిన్న విషయమేమీ కాదు.

సమస్య: ఎప్పుడూ ఆ ఇద్దరే పోట్లాడుకుంటారు

కారణం: రెండు వందల మంది చూస్తుండగా ఎవరూ వెనక్కి తగ్గరు. తగ్గాలని ఉన్నా తగ్గలేరు.

పరిష్కారం: అడ్మిన్ ఇద్దరితోనూ విడివిడిగా మాట్లాడాలి. మెసేజ్ కన్నా ఫోన్ మంచిది, గొంతు వింటే సగం కోపం దిగిపోతుంది. వాట్సాప్‌లో ఎవరి మెసేజ్‌నైనా అందరికీ కనబడకుండా తీసేసే వీలు 2022 నుంచి అడ్మిన్‌లకు ఉంది. దాన్ని తిట్లకీ బెదిరింపులకీ వాడండి, అభిప్రాయాలకు వద్దు. తీసేస్తే ఎందుకు తీశారో చెప్పండి. గ్రూపులో అందరూ అన్నా అని పిలిచే పెద్దమనిషికి కూడా అదే నియమం వర్తించాలి. వర్తించకపోతే మిగతావాళ్లు నోరెత్తరు, ఒక్కొక్కరే వెళ్లిపోతారు. పైగా ఇప్పుడు ఎవరైనా వెళ్లిపోతే వాట్సాప్ ఆ కబురు అడ్మిన్‌లకే చెబుతుంది. కాబట్టి వెళ్లినవారికి "ఏమైందండీ" అని ఒక మాట రాయాల్సింది కూడా అడ్మిన్‌లే.

ఇక గొడవలు భరించలేక "అడ్మిన్‌లే మెసేజ్ పెట్టాలి" అని సెట్టింగ్ మారిస్తే మిగిలేది నోటీసు బోర్డే.

సమస్య: గుడ్ మార్నింగ్‌లు, ఫార్వర్డ్‌లే తప్ప మాటల్లేవు

కారణం: పలకరించాలని ఉంది, ఏం మాట్లాడాలో తోచడం లేదు. రిటైరైన పెద్దవాళ్లు చాలామంది "నేనూ ఉన్నాను" అని చెప్పేది ఇలాగే. వాళ్లను కసురుకోవద్దు.

పరిష్కారం: వాళ్లకు తెలిసిన విషయం అడగండి. ఇరిగేషన్‌లో పనిచేసినాయన్ని ఊరి చెరువు తూము గురించి అడిగి చూడండి, ఆ రోజంతా గ్రూపు కళకళలాడుతుంది. పుకార్ల విషయంలో మాత్రం మొహమాటం వద్దు. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లంటూ తిరిగిన మెసేజ్‌ల వల్ల మన దేశంలో మనుషుల్ని కొట్టి చంపారు. ఆ తర్వాతే ఇక్కడ ఒకేసారి ఐదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయకుండా వాట్సాప్ పరిమితి పెట్టింది. ఎక్కడిదో తెలియని ఫార్వర్డ్ కనబడితే "ఇది ఎక్కడిది?" అని మర్యాదగా అడిగే అలవాటు ప్రతి గ్రూపులోనూ ఉండాలి.

సమస్య: జనం పెరిగారు, ఆత్మీయత పోయింది

కారణం: నేర్పేవాళ్ల కన్నా వచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. యూజ్‌నెట్ అని పాతకాలపు ఆన్‌లైన్ చర్చా వేదిక ఉండేది. ఆ రోజుల్లో ఏటా సెప్టెంబరులో అమెరికా యూనివర్సిటీల కొత్త విద్యార్థులు వచ్చి, కొన్నాళ్లకు అక్కడి పద్ధతులు నేర్చుకునేవారు. 1993-94 నాటికి ఇంటర్నెట్ కంపెనీల ద్వారా ఏడాది పొడవునా జనం రావడం మొదలైంది. పద్ధతులు నేర్పే వ్యవధి లేకపోయింది. దాన్నే అంతులేని సెప్టెంబరు అన్నారు.

పరిష్కారం: లింకు అందరికీ పంచకండి. కొద్దిమందిని చేర్చుకుని, వాళ్లు అలవాటు పడ్డాకే తర్వాతివాళ్లను పిలవండి.

సమస్య: అడ్మిన్ అలసిపోయారు

కారణం: అన్నీ ఒక్కరే చూస్తున్నారు.

పరిష్కారం: ఒకే అడ్మిన్ ఉన్న గ్రూపు నుంచి ఆయన తప్పుకుంటే, వాట్సాప్ సభ్యుల్లో ఎవరో ఒకరిని దానంతటదే అడ్మిన్‌ను చేస్తుంది. ఆ మనిషికి ఇష్టముందో లేదో అది అడగదు. కాబట్టి ముందుగానే ముగ్గురిని పెట్టుకోండి. డాలస్‌లో ఒకరుంటే ఇక్కడివాళ్లు నిద్రపోయే వేళ వాళ్లు చూసుకుంటారు. కొత్త అడ్మిన్ మొదటి నెల పాతవారితో కలిసి చేస్తే, ఎవరితో ఎలా మాట్లాడాలో తెలిసివస్తుంది.