కడుపు ఉబ్బరం తగ్గేలా శనగలు, అలసందలు వండుకునే పద్ధతి

శనగలు, అలసందలు, రాజ్మాలలో ఉండే రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలను విడగొట్టే ఆల్ఫా గెలాక్టోసిడేజ్ ఎంజైమ్ మన చిన్నపేగులో తయారు కాదు కాబట్టి, అవి అరగకుండానే పెద్దపేగుకు చేరతాయి; అక్కడి బ్యాక్టీరియా వాటిని పులియబెట్టినప్పుడు వాయువు పుడుతుంది. ఈ చక్కెరలు నీటిలో కరుగుతాయి. అందువల్ల గింజలను 8 నుంచి 12 గంటలు నానబెట్టి, ఆ నీటిని పూర్తిగా పారబోసి, కొత్త నీటిలో మెత్తగా ఉడికించాలి. నానిన నీటితో కొన్ని విటమిన్లు కూడా పోతాయి గానీ, ఉబ్బరంతో బాధపడేవారికి ఆ నష్టం భరించదగినదే. శనగలను మొలకెత్తిస్తే మరింత మేలు, ఎందుకంటే మొలక తన ఎదుగుదలకు ఆ చక్కెరలనే వాడుకుంటుంది. రాజ్మాను మాత్రం ఎన్నడూ పచ్చిగా తినకూడదు. అందులోని లెక్టిన్ అనే ప్రొటీన్ విషప్రభావం పోవాలంటే, రాజ్మా మరుగుతున్న నీటిలో కనీసం 10 నిమిషాలు ఉడకాలి. అలవాటు లేనివారు కొద్ది పరిమాణంతో మొదలుపెట్టి క్రమంగా పెంచుకోవాలి.