డొమినికన్ ఇళ్లలో స్పగెట్టి వండే తీరు

కరీబియన్ దేశమైన డొమినికన్ రిపబ్లిక్‌లో స్పగెట్టిని ఇటలీ వంటకమని ఎవరూ ప్రత్యేకంగా చూడరు. అది అక్కడి ఇంటి వంట. రాజధాని శాంటో డొమింగో కుటుంబాలు ఊరికి తూర్పున ఉన్న బోకా చీకా సముద్రతీరానికి వెళ్లేటప్పుడు పెద్ద గిన్నెడు స్పగెట్టి, ఒక సంచి నిండా రొట్టెలు వెంట తీసుకువెళ్లడం ఎంత మామూలంటే, దాని మీద వాళ్లే తమను తాము ఆటపట్టించుకుంటారు. అందువల్ల ఈ వంటకం పొయ్యి దిగిన నిమిషంలోనే కాక, గంటా రెండు గంటలు ఆగి చల్లారిన తరువాత కూడా రుచిగా ఉండాలి.

నలుగురైదుగురికి 400 గ్రాముల స్పగెట్టి, 200 గ్రాముల సలామీ సరిపోతాయి. డొమినికన్ సలామీ అంటే పలచగా కోసి పచ్చిగా తినే ఇటలీ సలామీ కాదు. ముందే ఉడికించి అమ్మే లావుపాటి సాసేజ్, దానిని వేయించుకునే తింటారు. ఉడికించి మెదిపిన పచ్చి అరటికాయ మంగూ పక్కన పొద్దున్నే కనిపించేదీ ఇదే. అది దొరకనిచోట మామూలు చికెన్ సాసేజ్ వాడుకోవచ్చు, కాని పొగరుచి ఎక్కువగా ఉన్నది వద్దు.

ఉప్పు వేసిన నీటిలో స్పగెట్టిని, ప్యాకెట్ మీద రాసిన సమయం కంటే రెండు మూడు నిమిషాలు ఎక్కువగా, పంటికి అడ్డు తగలనంత మెత్తగా ఉడికించాలి. ఇటలీ పద్ధతికి అలవాటు పడినవారికి ఇది తప్పుగా తోచవచ్చు; డొమినికన్ ఇళ్లలో మాత్రం పలుకుగా ఉన్న స్పగెట్టిని ఉడకనిదిగానే లెక్కిస్తారు. వార్చే ముందు ఒక కప్పు గంజి తీసి పక్కన పెట్టుకోవాలి.

వెడల్పాటి మూకుడులో రెండు చెంచాల నూనె వేసి, సలామీ ముక్కలను అంచులు ముదురు గోధుమరంగుకు తిరిగేదాకా వేయించి తీసేయాలి. అవి వదిలిన ఎర్రటి కొవ్వులోనే ఉల్లిపాయ, క్యాప్సికమ్, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, అర చెంచా ఒరెగానో వేసి మగ్గనిచ్చి, ఆపైన మూడు పెద్ద చెంచాల టమాటా పేస్టు కలపాలి. ఇక్కడ తొందరపడకూడదు: మెరిసే ఎరుపు పోయి ఇటుకరంగు వచ్చి, పచ్చివాసన తగ్గి, నూనె అంచుల్లో తేలేవరకు పేస్టును వేగనివ్వకపోతే చివరికి పులుపు ఒక్కటే మిగులుతుంది. తరువాత గంజి పోసి, డజను ఆలివ్ కాయలు, ఇష్టమైతే కొన్ని కేపర్లు (ఊరబెట్టిన చిన్న పూమొగ్గలు) వేసి ఐదు నిమిషాలు మరిగించాలి. చాలామంది ఒక సూప్ క్యూబు కూడా వేస్తారు. సలామీ, ఆలివ్, క్యూబు మూడింటిలోనూ ఉప్పు ఉంటుంది కనుక రుచి చూడకుండా మళ్లీ ఉప్పు వేయరాదు.

అసలు వాదం పాల దగ్గర వస్తుంది. కొందరు అర కప్పు ఎవాపరేటెడ్ పాలు, అంటే నీరు ఇగిర్చి డబ్బాలో అమ్మే తీపిలేని చిక్కటి పాలు, పోసి సాస్‌ను నారింజరంగులోకి తెస్తారు. పాలు తగిలితే టమాటా రుచి చచ్చిపోతుందని మరికొందరు వాటిని దగ్గరికే రానివ్వరు. నా మటుకు నాకు పాలు పోసినదే నచ్చుతుంది, ఎందుకంటే పేస్టు పులుపుకు, సలామీ ఉప్పుకు మధ్య అవి రాజీ కుదురుస్తాయి. పోసేటప్పుడు మంట బాగా తగ్గించాలి, లేకపోతే విరిగే ప్రమాదం ఉంది. ఆ డబ్బా దొరకకపోతే చిక్కటి పాలను సగానికి పైగా ఇగిరేలా మరిగించి వాడాలి. తీపి కలిపిన కండెన్స్‌డ్ మిల్క్ మాత్రం పొరపాటున కూడా పోయకూడదు.

ఆలివ్ కాయల విషయంలోనూ ఇళ్లలో పేచీలు ఉంటాయి. పిల్లలు వాటిని ఏరి పక్కన పెడతారు. మొక్కజొన్న గింజలు వేసేవారు, సలామీ బదులు కోడిమాంసం వేసేవారు, ఒక చిటికెడు పంచదార వేసేవారు కూడా ఉన్నారు.

చివరగా సలామీని, స్పగెట్టిని సాస్‌లో వేసి, చిన్న మంట మీద రెండు నిమిషాలు కలిపితే సాస్ అడుగున నిలవకుండా స్పగెట్టికే పట్టేస్తుంది. రొట్టెతోగాని, పచ్చి అరటికాయ చక్రాలను ఒకసారి వేయించి, అదిమి, మళ్లీ వేయించిన తోస్తోనెస్‌తోగాని వడ్డిస్తారు. మిగిలినది ఫ్రిజ్‌లో గట్టిపడుతుంది కాబట్టి మరునాడు రెండు చెంచాల నీళ్లు చిలకరించి, మూతపెట్టి వేడి చేసుకోవాలి.